ఒక్క డ్యూటీ నిలబడాలంటే నలుగురు: ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుల కొరత ఎక్కడ మొదలైంది?

నర్సుల కొరత గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చంతా ఖాళీల చుట్టూనే తిరుగుతుంది. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, మిగిలినవెన్ని అని అడుగుతారు. ఒక్క ఖాళీ కూడా లేని ఆసుపత్రిలో సైతం రాత్రి వార్డుకు వెళ్లి చూస్తే ముప్పై మంది రోగులకు ఒక్క సిస్టరే కనిపిస్తుంది. ఆమె పక్కన ఉండాల్సిన రెండో నర్సు పోస్టు ఖాళీల జాబితాలో ఉండదు. అసలు ఆ పోస్టును ఎవరూ మంజూరే చేయలేదు. కాబట్టి ఈ కథను నోటిఫికేషన్ల నుంచి కాకుండా, పోస్టులు లెక్కగట్టే పద్ధతి నుంచి మొదలుపెట్టాలి.

మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సుల నమోదుకు 1926లోనే చట్టం వచ్చింది. దేశం మొత్తానికి ఎంతమంది కావాలన్న ప్రశ్నను గట్టిగా వేసింది మాత్రం సర్ జోసెఫ్ భోర్ కమిటీ. 1943లో నియమించిన ఆ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అప్పటికి దేశంలో నర్సులు సుమారు 7,000 మంది, అంటే 43,000 జనాభాకు ఒకరు. 1971 నాటికి 500 మందికి ఒక నర్సు ఉండాలని కమిటీ కోరింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1954లో మద్రాసు ఆరోగ్య మంత్రి ఎ.బి.శెట్టి అధ్యక్షతన నర్సుల పనిగంటలు, జీతభత్యాలు, వసతి మీద ప్రత్యేకంగా ఒక కమిటీ వేశారు. 1980ల చివర సరోజినీ వరదప్పన్ కమిటీ మళ్లీ ఇంచుమించు అవే విషయాలు తిరగేసింది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా అవే విషయాల మీద కమిటీ వేయాల్సి వచ్చిందంటే, మొదటిది చెప్పినవి ఎంతవరకు అమలయ్యాయో ఊహించుకోవచ్చు.

జనాభా నిష్పత్తి దేశానికి పనికొస్తుంది గానీ వార్డుకు పనికిరాదు. వార్డుకు కావాల్సింది పడకల లెక్క. నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డుల్లో బోధనాసుపత్రికి మూడు పడకలకు ఒక నర్సు, బోధనేతర ఆసుపత్రికి ఐదు పడకలకు ఒకరు. దానిమీద సెలవుల కోసం 30 శాతం అదనం. కేంద్ర ఆర్థిక శాఖలోని స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ దీన్ని ఆరు పడకలకు ఒకరికి కుదించి, సెలవులకూ వారాంతపు ఆఫ్‌లకూ కలిపి 45 శాతం జోడించింది. ఐసీయూకు మాత్రం రెండూ పడకకు ఒకరినే చెబుతాయి. ఆచరణలో మొత్తం పడకలను ఈ అంకెతో భాగించి, అదనపు శాతం కలిపి పోస్టులు తేలుస్తారు. చిక్కు ఇక్కడే ఉంది. అది రోజు మొత్తానికి, మూడు షిఫ్టులకూ కలిపి వచ్చే సంఖ్య. బయటివాళ్లు దాన్ని ఒక షిఫ్టులో ఉండే నర్సుల సంఖ్య అనుకుంటారు. ఫైళ్లు చూసే అధికారుల్లోనూ చాలామంది అలాగే అనుకుంటారు.

లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 365 రోజులు, 8,760 గంటలు. వార్డులో ఒక్క నర్సు డ్యూటీ ఎప్పుడూ ఖాళీ పడకూడదంటే ఈ గంటలన్నీ నిండాలి. ఒక నర్సుకు వారానికో ఆఫ్ చొప్పున 52 రోజులు, క్యాజువల్ లీవులు 15, ఆర్జిత సెలవులు 30 తీసేస్తే మిగిలేది 268 రోజులు. రోజుకు సగటున ఎనిమిది గంటలు వేసుకుంటే 2,144 గంటలు. 8,760ని దీంతో భాగిస్తే నాలుగు దాటుతుంది. అంటే ఒక్క డ్యూటీ నిలబెట్టడానికి నలుగురు కావాలి. పండగ సెలవులు, జ్వరాలు, శిక్షణలు ఇందులో కలపలేదు. 180 రోజుల ప్రసూతి సెలవు కూడా కలపలేదు.

ఇప్పుడు 30 పడకల మెడికల్ వార్డు తీసుకోండి. ఆరుకు ఒకరు చొప్పున ఐదుగురు, 45 శాతం కలిపితే ఏడుగురు. ఏడుగురి గంటలను ఏడాది పొడవునా పరిస్తే ఏ సమయంలోనైనా వార్డులో ఉండేది సగటున 1.7 మంది. డాక్టర్ల రౌండ్లు, కొత్త అడ్మిషన్లు, డిశ్చార్జీలు ఉదయమే ఉంటాయి కాబట్టి ఉదయానికి ఇద్దరినో ముగ్గురినో వేస్తారు. రాత్రికి ఒక్కరే మిగులుతారు. కాగితం మీద 1:6 ఉన్నది రాత్రి పూట 1:30 అవుతుంది. కౌన్సిల్ ప్రమాణాన్ని పూర్తిగా పాటించిన బోధనాసుపత్రిలోనైనా ఇదే వార్డుకు 13 మంది వస్తారు. అంటే ఒక వేళకు ముగ్గురు, ఒక్కొక్కరికి పది మంది రోగులు. అమెరికాలోని కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసిన నిష్పత్తి షిఫ్టును బట్టి ఉంటుంది. అక్కడి మెడికల్ వార్డులో ఒక నర్సుకు ఐదుగురు అంటే రాత్రి రెండింటికి కూడా ఐదుగురే. రెండు చోట్లా రాసేది నిష్పత్తే అయినా అర్థం వేరు.

రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా ఉండే ఆ డ్యూటీని దగ్గరగా చూస్తే కొరత అంటే ఏమిటో తెలుస్తుంది. ఎనిమిదింటికి పడక పడకకూ తిరిగి హ్యాండోవర్ తీసుకోవాలి. పది గంటల ఇంజెక్షన్లు వార్డులో ఇరవై మందికి ఉన్నాయనుకుంటే, మందు కలపడం, కేస్ షీట్‌తో సరిచూడటం, క్యాన్యులా పనిచేస్తుందో లేదో చూసి నెమ్మదిగా ఎక్కించడం, రాయడం కలిపి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది. అంటే వంద నిమిషాలు. ఈలోపు ఒకరికి రక్తం ఎక్కించాల్సి వస్తే మొదటి పదిహేను నిమిషాలు పక్కనే నిలబడి చూడాలి, రియాక్షన్ వస్తే చాలావరకు అప్పుడే బయటపడుతుంది. అదే సమయంలో క్యాజువాల్టీ నుంచి కొత్త కేసు వస్తుంది. అప్పుడు ఏదో ఒకటి ఆగాలి. పది గంటల డోసు పదకొండున్నరకు పడుతుంది. సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం వెనక్కి వస్తుంది. పల్స్, బీపీ గడుల్లో పాత అంకెలే మళ్లీ పడతాయి. ఉదయం ఆరింటికి మళ్లీ ఇంజెక్షన్లు, యూరిన్ కొలతలు, రక్త నమూనాలు. దీన్ని ఒక మనిషి నిర్లక్ష్యంగా చూపించి మెమో ఇవ్వడం తేలికే, ఆ రాత్రి రెండో మనిషి ఎందుకు లేదో అడగాల్సిన ఫైలు మాత్రం మరోచోట ఉంటుంది. పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద 2002లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం, నర్సు మీద అదనంగా పడే ఒక్కో శస్త్రచికిత్స రోగికీ ముప్పై రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుందని తేల్చింది.

పల్లెల్లో లెక్క ఇంకా తేటగా తప్పుతుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్ని 24 గంటలూ నడపాలన్నారు. 2012 నాటి భారతీయ ప్రజారోగ్య ప్రమాణాల్లో ప్రసవాలు తక్కువగా జరిగే పీహెచ్‌సీకి కనీసంగా చెప్పింది ముగ్గురు స్టాఫ్ నర్సులు. ముగ్గురి గంటలు 6,432. కావాల్సినవి 8,760. తేడా 2,328 గంటలు, సరిగ్గా 97 రోజులు. ముగ్గురూ ఒక్క రోజు కూడా అదనపు సెలవు పెట్టకుండా పనిచేసినా, మూడు నెలలకు పైగా ఆ కేంద్రంలో నర్సు ఉండదు. ఆ వేళల్లో ప్రసవానికి వచ్చిన మనిషిని చూసేది ఏఎన్‌ఎం, లేదంటే 108లో పెద్దాసుపత్రికి పంపడం. అవే ప్రమాణాలు వంద పడకల జిల్లా ఆసుపత్రికి 45 మందిని చెప్పాయి. లెక్క ప్రకారం ఒక వేళకు 11 మంది. అందులోంచి లేబర్ రూమ్, ఆపరేషన్ థియేటర్, నవజాత శిశువుల విభాగం, క్యాజువాల్టీ నిండాక వార్డులకు నలుగురో ఐదుగురో మిగులుతారు.

ఈ బలహీనమైన పునాది మీద నియామకాల చరిత్ర వచ్చి పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి 2వ నంబరు చట్టం అడ్డదారి నియామకాలను, దినసరి వేతనపు ఉద్యోగాలను నిషేధించింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవారిని క్రమబద్ధీకరించడానికి జీవో 212 వచ్చింది. ఉద్దేశం మంచిదే. ఆ రోజుల్లో జీతాల ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి కూడా తోడై ఆర్థిక శాఖ అనుమతి లేనిదే ఒక్క పోస్టూ నిండని స్థితి వచ్చింది. ఆసుపత్రులు ఆగవు కాబట్టి కాంట్రాక్టు మొదలైంది. ఆ తర్వాత ఏజెన్సీల ద్వారా అవుట్‌సోర్సింగ్ వచ్చింది. గ్రామీణ ఆరోగ్య మిషన్ డబ్బుతో వచ్చిన నర్సు పోస్టులు కూడా ఏటా రెన్యువల్ అయ్యే కాంట్రాక్టులే. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఎన్నేళ్లు పనిచేసినా కాంట్రాక్టు ఉద్యోగికి పర్మినెంట్ చేయమని అడిగే హక్కు రాదని తేల్చింది. ఒకే వార్డులో, ఒకే యూనిఫాంలో, ఒకే పనికి మూడు రకాల జీతాలు స్థిరపడ్డాయి.

దీనివల్ల నష్టం ఒక్క జీతంలోనే లేదు. పర్మినెంట్ నర్సు ఉద్యోగం వదలదు, ముప్పై ఏళ్లు ఉంటుంది. ఆమె విషయంలో సమస్య డిప్యూటేషన్: జీతం మారుమూల సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) పోస్టు మీద తీసి, వర్క్ ఆర్డర్ మీద పట్టణంలో పనిచేయడం. రికార్డులో ఆ పోస్టు నిండినట్టే ఉంటుంది, అందుకే అక్కడికి మరొకరిని వేయరు. నిజంగా వెళ్లిపోయేది కాంట్రాక్టు నర్సు. ఐసీయూలో, డయాలసిస్‌లో చేయి తిరగడానికి ఏడాది పడుతుంది. రెండేళ్ల అనుభవ ధ్రువపత్రం చేతికి వచ్చేసరికి గల్ఫ్ దేశాలకు ప్రోమెట్రిక్ పరీక్ష, ధ్రువపత్రాలకు డేటాఫ్లో తనిఖీ, బ్రిటన్‌కు ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష, జర్మనీకి బీ1, బీ2 భాషా పరీక్షలు ఎదురుగా ఉంటాయి. 2015 నుంచి గల్ఫ్ సహా కొన్ని దేశాలకు నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నియమం పెట్టింది. తెలంగాణలో విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపనీస్ భాషలు నేర్పి మరీ పంపుతోంది. వెళ్లేవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పన్నెండేళ్ల సర్వీసుకు కూడా సర్వీస్ రిజిస్టరు తెరవని చోట ఉండమని ఎలా అడుగుతాం?

తెలంగాణలో ఇటీవలి పదేళ్లు ఈ చక్రం ఎలా తిరుగుతుందో చూపిస్తాయి. 2017లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ 3,311 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2018లో పరీక్ష జరిగినా వివాదాలు, కోర్టు కేసులు దాటుకుని ఎంపికైనవారు విధుల్లో చేరేసరికి కోవిడ్ వచ్చింది. అప్పుడు అవుట్‌సోర్సింగ్‌లో తీసుకున్న 1,640 మంది నర్సుల్ని 2021 జులైలో తొలగించారు. ఊపిరాడని రోగుల పక్కన పీపీఈ కిట్లలో నిలబడ్డ మనుషులు రోడ్డెక్కి ధర్నా చేయాల్సి వచ్చింది. 2022 డిసెంబరు 30న వైద్యారోగ్య సేవల నియామక బోర్డు 5,204 పోస్టులు ప్రకటించి, తర్వాత 7,094కు పెంచింది. 2023 ఆగస్టు 2న పరీక్ష, 2024 జనవరి 31న ఒకేరోజు 6,956 మందికి నియామక పత్రాలు. వందలో 80 మార్కులు పరీక్షకు, 20 ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు. ఆరు నెలలకు గిరిజన ప్రాంతాల్లో 2.5, మిగతా చోట్ల 2 పాయింట్లు. ఈ వెయిటేజీ న్యాయమైనదే. మరో 2,050 పోస్టులకు 2024 సెప్టెంబరులో నోటిఫికేషన్, నవంబరు 23న పరీక్ష జరిగాయి.

ఇంతమంది ఒకేసారి రావడం మేలే, కానీ వరదలా వచ్చే నియామకానికి ఒక బెడద ఉంది. ఎక్కువమంది దగ్గర దగ్గర వయసులో ఉన్న యువతులు. ప్రసూతి సెలవులు ఒకే రెండు మూడేళ్లలో పడతాయి. పదోన్నతికి ఒకేసారి అర్హులవుతారు. హెడ్ నర్సు పోస్టులు మాత్రం కొన్నే, ఆ పై పోస్టులు ఇంకా తక్కువ. చివరికి పదవీ విరమణలూ దగ్గర దగ్గరగా వస్తాయి, మళ్లీ ఒక్కసారిగా పెద్ద ఖాళీ. ఏటా కొంతమంది చొప్పున తీసుకుంటే ఈ అలలు ఉండవు. అందుకు పరీక్ష క్యాలెండరుతో పాటు రోస్టరు పాయింట్లు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కో చెప్పే వరుస), ఖాళీల వివరాలు ఏటా ముందే సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు బోధనాసుపత్రులకు వైద్యవిద్య సంచాలకుల కార్యాలయం (డీఎంఈ), జిల్లా, ఏరియా ఆసుపత్రులకు వైద్య విధాన పరిషత్, పీహెచ్‌సీలకు ప్రజారోగ్య శాఖ వేర్వేరుగా లెక్కలు పంపితేగానీ ఫైలు కదలదు.

కొత్త అవసరాలు ఈలోగా ముందుకు పోతున్నాయి. 2014లో అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలలున్న తెలంగాణ జిల్లాకొకటి అనే స్థాయికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో అయిదు ఒకేసారి తెరుచుకున్నాయి. జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయితే, ఐదు పడకలకు ఒకరు అన్న చోట మూడుకు ఒకరు కావాలి. పైగా వైద్య విధాన పరిషత్‌లో చేరిన నర్సు సీనియారిటీని డీఎంఈ జాబితాలో ఎక్కడ కలపాలన్నది వెంటనే తేలే విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 10,032 గ్రామ క్లినిక్‌లకు బీఎస్సీ నర్సింగ్ చదివినవారినే ఎంఎల్‌హెచ్‌పీలుగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా) తీసుకున్నారు. ఊళ్లకు అది గొప్ప మేలు, ఆసుపత్రుల్లో రోగి పడక పక్కన నిలబడగలిగిన బీఎస్సీ నర్సుల్లో మాత్రం అంతమంది తగ్గారు. 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్టు ఉద్యోగుల్ని క్రమబద్ధీకరించేందుకు అక్కడ 2023లో చట్టం తెచ్చారు. ఆ తేదీ తర్వాత చేరినవారు దాని పరిధిలోకి రారు.

షిఫ్టుల వారీగా పోస్టులు తేల్చడానికి కొత్త కమిటీ అక్కర్లేదు. ప్రతి వార్డులోనూ హెడ్ నర్సు నెలనెలా రాసే డ్యూటీ చార్టు ఉంటుంది. ఉదయం ఎవరు, మధ్యాహ్నం ఎవరు, నైట్ ఎవరు, ఆఫ్ ఎవరికి, సెలవులో ఎవరున్నారు, ఏ వార్డు నుంచి ఎవరిని తెచ్చి సర్దారు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. పన్నెండు నెలల చార్టులు పక్కపక్కన పెట్టి, ఒక్క నర్సుతో గడిచిన రాత్రులెన్నో లెక్కపెడితే ఆ ఆసుపత్రికి ఇంకా ఎన్ని పోస్టులు కావాలో తెలిసిపోతుంది. ఆ చార్టులు వార్డు గోడ మీదే ఉండిపోతాయి. సచివాలయానికి వెళ్లే ప్రతిపాదన ఈ రోజుకీ పడకల సంఖ్యతోనే మొదలవుతోంది.