అచ్చుబొమ్మ చూసి గీస్తే దొంగతనమా?

పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రాల పాఠం మొదలుపెట్టగానే, ఏటా ఎవరో ఒక విద్యార్థి ఫోనులో వీడియో చూపిస్తాడు. ఒక వైపు పెయింటింగు, మరో వైపు పాత అచ్చుబొమ్మ (రేకు మీదో చెక్క మీదో చెక్కి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ), మధ్యలో ఎర్ర బాణాలు, కింద ‘దొంగ దొరికాడు’ అని ఒక కేక. విని విని విసుగొచ్చింది.

అపోహ: అచ్చుబొమ్మను చూసి వేసినవాడికి సొంత సరుకు లేదు.

వాస్తవం: ఆనాటి శిష్యరికమే అచ్చుబొమ్మలకు నకళ్లు తీయడంతో మొదలయ్యేది. 1604లో కారెల్ వాన్ మాండర్ చిత్రకారుల కోసం రాసిన పుస్తకంలో ఒక చమత్కారం ఉంది. డచ్చిలో ‘రాపెన్’ అంటే టర్నిప్ దుంపలు; ఏరుకోవడం, ఎత్తుకురావడం అని కూడా అర్థం. బాగా ఉడికిన రాపెన్‌తో మంచి పులుసు అవుతుందన్నాడాయన. పచ్చిగా వడ్డిస్తేనే తప్పు.

డచ్చి చిత్రకారుడు యాన్ స్టేన్ ఎలా ఉడికించాడో చూడండి. ఇటలీ చిత్రకారుడు రాఫెల్ గ్రీకు తత్వవేత్తలను వేసిన ‘ఏథెన్స్ పాఠశాల’ వాటికన్ గోడ మీద ఉంది. స్టేన్ ఇటలీ వెళ్లినట్టు ఆధారాలు లేవు. కానీ దాన్ని చూసి జార్జియో గీసీ రాగిరేకు మీద చెక్కిన నకలును ఆంట్‌వర్ప్‌లో హియరోనిమస్ కాక్ 1550లోనే అచ్చు వేశాడు. 1670 ప్రాంతంలో స్టేన్ వేసిన పల్లెబడి చిత్రం ఇప్పుడు ఎడిన్‌బరోలో ఉంది. ఇందులో తత్వవేత్తల కొలువు కాస్తా అల్లరి పిల్లల సంత అయింది. పంతులు కలం చెక్కుకుంటున్నాడు, ఒకడు బల్లెక్కి పాడుతున్నాడు, మరొకడు గుడ్లగూబకు కళ్లజోడు అందిస్తున్నాడు. మూలం తెలిసినవాడికే ఈ నవ్వు పూర్తిగా అందుతుంది. దాచుకోవాలనుకున్న దొంగ ఇలా చేస్తాడా?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకమ్మాయి తన బొమ్మలోని భంగిమ ఏదో పాత ముద్రణలో ఉందని ఎవరో అన్నందుకు రెండు నెలలు పెన్సిలు ముట్టలేదు. ఏడుస్తూ వచ్చింది. ఆరు నెలలపాటు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ గీసిన చేతులు తప్ప మరేమీ గీయని నా పాత నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టాను. అందులో మొదటి పేజీ చేతులకు వేళ్లు ఆరు. అప్పుడు నవ్వింది.

అపోహ: ఎడమ కుడి తారుమారైతే నకిలీ.

వాస్తవం: రాగిరేకు మీది గీత కాగితం మీద తిరగబడుతుంది, అంతే. 1635లో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్, డ్యూరర్ అచ్చుబొమ్మలోని క్రీస్తును తన ఎచింగులోకి (రాగిరేకును ఆమ్లంతో కొరికించి తీసే అచ్చుబొమ్మ) తెచ్చుకున్నప్పుడూ ఇదే జరిగింది.

అపోహ: డచ్చి చిత్రకారుడు వెర్మీర్ తన గదిని ఉన్నదున్నట్టే వేశాడు.

వాస్తవం: ఆయన వేసిన ‘సైనికాధికారి, నవ్వే అమ్మాయి’ చిత్రంలో వెనుక గోడకున్నది బ్లావ్ అచ్చువేసి ప్రచురించిన హాలండ్ పటం. దాన్ని గీతగీతా అనుసరించి, రంగు దగ్గర మాత్రం పటంలోని భూభాగానికి నీలం పులిమాడు. ఆయనదే మరో చిత్రంలో, నీలం బట్టల్లో ఉత్తరం చదువుకునే స్త్రీ వెనుక అదే పటం పెద్దదై, గోధుమరంగుకు తిరిగింది.