ఎక్స్ డిస్‌ప్లే ఇంకో యూజర్‌కి ఇవ్వడం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో ఓ ఆఫీసులో లైనక్స్ మెషీన్లు చూసుకోవడం నా పని. "అన్నా, వేరే యూజర్‌గా మారాను, విండో రావట్లేదు" అంటూ వారానికి ఒకరైనా నా సీటు దగ్గరికి వస్తారు. లైనక్స్‌లో విండోలు చూపించే ప్రోగ్రాము ఎక్స్ సర్వర్, అది నడిపే తెర డిస్‌ప్లే.

అపోహ: అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌కి అడ్డేముంటుంది?

వాస్తవం: ఎక్స్ సర్వర్‌కి రూట్ అంటే ప్రత్యేకంగా భయమేమీ లేదు. అది అడిగేది కుకీ, అంటే 128 బిట్ల రహస్య సంఖ్య. లాగిన్ అయిన మనిషి ఎక్స్‌అథారిటీ ఫైల్లో అది ఉంటుంది. యూజర్ మారడానికి 'సు హైఫన్' కొట్టగానే డిస్‌ప్లే ఏదో, ఆ ఫైల్ ఎక్కడుందో చెప్పే రెండు వేరియబుల్స్ పోతాయి, 'కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే' అని వస్తుంది. ఆ రెండూ మళ్లీ పెడితే రూట్ ఆ ఫైల్ చదువుకుని లోపలికి వెళ్తుంది. వేరే మామూలు యూజర్‌కి ఆ ఫైల్ చదివే హక్కే ఉండదు.

అపోహ: అందర్నీ డిస్‌ప్లేలోకి రానిచ్చే 'ఎక్స్‌హోస్ట్ ప్లస్' కమాండ్ కొడితే సరి, మన మెషీనే కదా!

వాస్తవం: పనైతే అవుతుంది. కానీ అది గడియ పీకేసి తలుపు బార్లా తెరవడమే. అనంతపురం నుంచి కొత్తగా చేరిన తమ్ముడు నమ్మకపోతే చేసి చూపించాను. అతని డిస్‌ప్లే మీద ప్లస్ కొట్టించి, పక్క మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఇంకో మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాము) అతని మెషీన్ టెస్ట్ అకౌంట్‌కి వెళ్లి, నొక్కిన కీల నంబర్లు చూపించే 'ఎక్స్‌ఇన్‌పుట్' నడిపాను. అతను తన టెర్మినల్‌లో రాజా అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాడు. నా తెరమీద 27, 38, 44, 38 పడ్డాయి. ఆర్, ఏ, జే, ఏ. అది పాస్‌వర్డ్ అయినా అలాగే పడేది. మొహం మాడ్చుకుని టీకి లేచాడు.

ఇవ్వక తప్పదనుకుంటే ఒక్క యూజర్‌కే ఇవ్వండి: ఎక్స్‌హోస్ట్ ప్లస్, వెంటనే ఎస్ఐ, లోకల్‌యూజర్, యూజర్ పేరు, ఈ మూడింటి మధ్య కోలన్లు. అయితే ఆ ఒక్కరూ మీ కీలు చూడగలరు, నమ్మని ప్రోగ్రాముకి అదీ వద్దు.

అపోహ: పనయ్యాక ఎక్స్‌హోస్ట్‌కి మైనస్ పెట్టి కొడితే బయటికి పోతారు.

వాస్తవం: కొత్తవాళ్లు రాలేరంతే. అప్పటికే తెరిచిన విండోలు అలాగే ఉంటాయి, వాటిని మూయించాల్సిందే.

అపోహ: ఎస్ఎస్‌హెచ్‌లో అవతలి మెషీన్ విండోలు మన తెరమీద చూపే ఆప్షన్లలో పెద్ద ఎక్స్ సేఫ్, పెద్ద వై డేంజర్.

వాస్తవం: ఉబుంటూ, డెబియన్ డిఫాల్ట్ సెట్టింగ్‌లో రెండూ ఒకటే.

అపోహ: ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్‌లోనూ ఎక్స్‌హోస్ట్ చాలు.

వాస్తవం: అది వేలాండ్ మీద పాత ఎక్స్ ప్రోగ్రాములు నడిపే ఎక్స్‌వేలాండ్ విండోలకే పనిచేస్తుంది. ప్రోగ్రాములు వేలాండ్‌తో మాట్లాడే అసలు సాకెట్, యూజర్‌కి మాత్రమే తెరుచుకునే 0700 పర్మిషన్ డైరెక్టరీలో ఉంటుంది. అందుకే పాత ప్రోగ్రాము తెరుచుకుని, పక్కనే కొత్తది మొండికేస్తుంది.