పర్లాకిమిడి ఇటుక లోగిళ్లు: పంపకాల్లో నలిగిన కట్టడాలు

ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు రైతుల ఊళ్లలో పాత ఇటుక లోగిళ్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. అడిగితే ‘పాతదైపోయింది, ఇంకెన్నాళ్లుంటుంది’ అంటారు. అసలు సంగతి వయసు కాదు. ఆ ఇళ్లను నిలబెట్టిందీ భూమి హక్కే, పడగొడుతున్నదీ ఎక్కువగా ఆ హక్కు గొడవలే.

1802లో ఈ ప్రాంతం ఉన్న ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చాక పెత్తనం జమీందార్లకు పోయింది. 1908లో మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు జిరాయితీ రైతుకు, అంటే జమీందారుకు శిస్తు కట్టి సాగు చేసుకునేవాడికి, సాగు హక్కు ఖాయం చేసింది. శిస్తు సరిగ్గా కడుతున్నంత కాలం పొలం అతనిది, తర్వాత అతని కొడుకులది. రేపు ఉంటామో లేదో తెలియనివాడు మట్టిగోడ, తాటాకుతో సరిపెట్టుకుంటాడు. హక్కు చేతికొచ్చాకే చాలామంది రైతులు ఇటుక బట్టీ పెట్టించి ఉంటారని నా అంచనా.

సామాను తెచ్చుకోవడమూ అప్పటికి తేలికైంది. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి రెండున్నర అడుగుల గేజి చిన్న రైలు వేయించారు. 1931కి అది గుణుపురం చేరింది. నాటు గూనపెంకుల పక్కన మంగళూరు పెంకులు ఇలాంటి రైలుదారుల వెంబడి కనిపిస్తాయి.

ఇక ఇంటి సంగతి. వీధి వైపు ఎత్తైన అరుగు. కొలతలు, కూలి లెక్కలు, తగువులు అన్నీ అక్కడే, బయటివాళ్లు లోపలికి రానక్కర్లేదు. గుమ్మం దాటితే ఇంటి నడుమ పైకప్పు లేని మండువా, చుట్టూ వసారాలు, వాన నీరు పోవడానికి తూము. మండువాలోంచి వెలుగూ గాలీ వస్తాయి కాబట్టి బయటి గోడలకు పెద్ద కిటికీలు పెట్టలేదు. దొంగల భయం కూడా ఒక కారణం. వెనక ధాన్యం నిలవచేసే గరిసె, పశువుల సాల, ఆ పైన కళ్లం. ధాన్యం బండి వీధి తొక్కకుండానే గరిసెకు చేరుతుంది. గోడలు అడుగున్నర, రెండడుగుల మందం. గానుగలో ఆడిన సున్నం, ఇసుకలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు. డబ్బున్నవాళ్లు మద్రాసు మిద్దె వేయించారు: టేకు దూలాల మీద సన్నని ఇటుకలను ఐమూలగా, నిలువుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు దిమ్మిస చేయడం. ఇప్పుడు ఆ పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు, అంటే జమీందారీ, ఒడిశా, మద్రాసుల మధ్య రెండు ముక్కలైంది. ఇల్లు ఒకవైపు, పొలం ఇంకోవైపు పడ్డవాళ్లకు చట్టాలూ రెండయ్యాయి. అటు మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో, ఇటు ఒడిశా చట్టం 1951లో. 1970లలో భూపరిమితి గట్టిపడి, ఒడిశాలో 10 స్టాండర్డు ఎకరాల (నేల రకాన్ని బట్టి లెక్కగట్టే ఎకరాలు) దగ్గర ఆగింది. భూస్వామ్యాన్ని తగ్గించడం న్యాయమే, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే వందల బస్తాలు పట్టే గరిసెకు పని లేకుండా పోయింది. అన్నదమ్ములు మండువా మధ్యలో గోడ లేపారు. ఆ గోడతో గాలీ పోయింది, తూమూ మూసుకుపోయింది.

తర్వాత వచ్చింది సిమెంటు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని బయటికి వదిలేస్తుంది. దానికి సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే నిలిచి, ఇటుక ఉప్పు లేచి పొడిగా రాలుతుంది. బాగుచేద్దామనుకుని చేసిన పనే ఎన్నో గోడలను తినేసింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను గజపతిని కుదిపేసింది. పెంకులు ఎగిరిన కప్పు వెంటనే కప్పుకుంటే గోడ బతుకుతుంది. ఐదారుగురు వాటాదార్లు, ఒకరు విశాఖలో, ఒకరు బరంపురంలో ఉంటే ఖర్చు ఎవరు పెట్టాలి? కూల్చడానికి మాత్రం అందరూ త్వరగానే ఒప్పుకుంటారు. టేకు దూలాలకు, చెక్కడపు తలుపులకు మంచి ధర పలుకుతుంది. సున్నంతో కట్టిన ఇటుక విరగకుండా ఊడొస్తుంది కాబట్టి అదీ అమ్ముడుపోతుంది.