ఇ మోడి: జైలుకెళ్లింది గీసినవాడు కాదు, చెక్కినవాడు

1524 ప్రాంతంలో రోమ్‌లో పోప్ 7వ క్లెమెంట్ మార్కాంటోనియో రైమోండిని జైల్లో పెట్టించాడు. జంటల రతి భంగిమలను చూపే పదహారు బొమ్మలను రాగి మీద చెక్కి అచ్చు వేశాడన్నది నేరం. ఆ బొమ్మల వరుస పేరే ‘ఇ మోడి’, అంటే ఇటాలియన్‌లో ‘పద్ధతులు’. ఆ బొమ్మలు గీసింది మాత్రం ప్రసిద్ధ చిత్రకారుడు రఫాయెల్ శిష్యుడు జూలియో రొమానో. అతని మీద ఈగ కూడా వాలలేదు. 1524 అక్టోబరుకల్లా ఇటలీలోనే మాంటువా నగర పాలకుడి కొలువులో చేరిపోయాడు. కొన్నేళ్లలోనే అక్కడి పలాజో తే అనే భవనం గోడల మీద, అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్‌తో కలిసిన రోమన్ దేవుడు జూపిటర్‌ను ఏ మాత్రం దాపరికం లేకుండా చిత్రించాడు. దాని మీదా శిక్ష లేదు.

తేడా బొమ్మలో లేదు, రాగి రేకులో ఉంది. గోడ మీది చిత్రాన్ని పాలకుడి అతిథులే చూస్తారు. రేకు అలా కాదు. నునుపు చేసిన రాగి మీద బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టుతో గాళ్లు తీస్తారు. వాటిలో సిరా కూరి, పైభాగాన్ని గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య నుంచి లాగుతారు. ఒత్తిడికి కాగితం గాళ్లలోకి దిగి సిరాను ఎత్తుకుంటుంది. కాగితం పొడిగా ఉంటే గీతలు తెగిపోతాయి. ఎక్కువ తుడిస్తే గాడిలోని సిరా కూడా వచ్చేస్తుంది, తక్కువ తుడిస్తే బొమ్మంతా మసక. చేయి తిరిగినవాడి దగ్గర ఒక్కో రేకు వందల ప్రతులిస్తుంది. ముందు అరిగేవి నీడ కోసం వేసిన సన్నగీతలే. చివరి ప్రతుల్లో ఆకారపు అంచులే గట్టిగా మిగులుతాయి. ఎవరూ ఊహించని చోట్ల కూడా ఈ ప్రతులు దొరికాయని, ఆ కాలపు కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. పోప్ కోపానికి అసలు కారణం అదే అనిపిస్తుంది.

రైమోండిని విడిపించింది మెదిచి వంశపు కార్డినల్ ఒకరు, శిల్పి బాచ్చో బాందినెల్లి అని వసారి అంటాడు. కాదు, నేనే అని రచయిత పియెత్రో అరెతీనో తన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఆ బొమ్మలకు పచ్చి మాటల సానెట్లు (పద్నాలుగు పంక్తుల కవితలు) రాసినవాడూ అతనే. 1527లో సైనికులు రోమ్‌ను దోచుకున్నప్పుడు రైమోండి ఉన్నదంతా పోగొట్టుకుని ఊరు విడిచాడు.

ఆ దశకంలోనే జాకోపో కరాల్యో ‘దేవతల ప్రేమలు’ అనే వరుసను రాగి మీద చెక్కాడు. శరీరాలు దాదాపు అంతే నగ్నం. కానీ ఇవి పేరున్న దేవుళ్లవి. పేరు పెడితే పురాణం, పెట్టకపోతే బూతు!

అసలు ముద్రణల్లో మిగిలినవి దాదాపు ముక్కలే. బ్రిటిష్ మ్యూజియంలో ఒకే కాగితం మీద అతికించిన తొమ్మిది కత్తిరింపులున్నాయి. అభ్యంతరకరమైన భాగాన్ని ఎవరో కోసేసి తలలూ మొండేలూ మాత్రం మిగిల్చారు. మొత్తం కూర్పులు ఎలా ఉండేవో తెలిసేది ప్రధానంగా 1550 ప్రాంతపు ఒక చిన్న పుస్తకం వల్ల. 1920ల్లో అది సంగీత నిర్వాహకుడు టోస్కనీని కొడుకు వాల్టర్ చేతికొచ్చింది. అందులోవి చెక్క అచ్చులు. చెక్కలో గీత పైకి నిలుస్తుంది, చుట్టూ ఉన్నది తొలగిస్తారు. ఆ చెక్క ఎత్తు అచ్చుకు వాడే సీసపు అక్షరాలతో సమానం కాబట్టి సానెట్టూ బొమ్మా ఒకే ఒత్తుతో పేజీ మీద పడతాయి. రాగి రేకుకైతే మరో ప్రెస్సు, మరో ఒత్తు కావాలి. చవకగా అచ్చేసే వీలు దొరికింది గానీ, రైమోండి నీడల్లోని మెత్తదనం మాత్రం పోయింది.

1798లో పారిస్‌లో పాతకాలపు ఇటలీ కళాకారుడు అగోస్తీనో కరాచ్చి పేరుతో మరో సంపుటి వచ్చింది. చెక్కింది ఫ్రెంచి కళాకారుడు కోయ్నీ. మళ్లీ పాత ఉపాయమే: బాకస్–అరియాడ్నే, ఆంటొనీ–క్లియోపాత్రా లాంటి పేర్లు తగిలించారు. ఈ కూర్పులు రైమోండివి కావు. అయినా నేడు ఇంటర్నెట్‌లో ‘ఇ మోడి’ అంటూ తిరిగే బొమ్మల్లో చాలా భాగం ఇవే. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బొమ్మ చెక్కుచెదరకుండా ఉండి, దానికి దేవుడి పేరో, చరిత్రలోని ప్రేమికుల పేరో ఉంటే అది 1798 నాటిదేనని అనుమానించవచ్చు.