మధ్య లేన్ వదలని బండ్లు: ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది

సంక్రాంతికో, వరుసగా సెలవులు వచ్చినప్పుడో బెంగళూరు నుంచి ఊరికి కారులో బయల్దేరే తెలుగువాళ్ళకు ఇది బాగా తెలిసిన బాధే. హెబ్బాళ దాటి విమానాశ్రయం వైపు పోయే రోడ్డులో ఒక్కో వైపు మూడేసి లేన్లు. ఎడమ లేన్ ముందు చాలా దూరం ఖాళీగానే కనిపిస్తుంది. మధ్య లేన్‌లో ఒక కారు అరవై మీద నింపాదిగా పోతుంటుంది. వెనక వరుసగా బండ్లు డిప్పర్ కొడుతుంటాయి. ఓపిక పోయినవాళ్ళు కొందరు కుడి నుంచి, కొందరు ఎడమ నుంచి దూరిపోతారు. దేవనహళ్లి దాటాక హైదరాబాద్ హైవే మీద లేన్లు రెండే. అక్కడ కుడి లేన్ పట్టుకుని వదలని లారీ వంతు వస్తుంది.

పొగరు అనో, బద్ధకం అనో తిట్టుకుని ముందుకు పోతాం. ఆ తిట్టులో కొంత న్యాయం ఉంది కానీ, అలవాటు పుట్టిన కారణం అది కాదు. ఒకప్పటి రోడ్డు మీద నడిమధ్యలో నడపడమే సరైన పద్ధతి. రోడ్డు మారింది, పద్ధతి మారలేదు.

నాలుగు లేన్లు రాకముందు మన రోడ్లు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి. ఒంటి లేన్ రోడ్డు అంటే 3.75 మీటర్ల వెడల్పు తారు. లారీ వెడల్పే దాదాపు రెండున్నర మీటర్లు. తారుకు రెండు వైపులా మట్టి మార్జిన్. వానాకాలం వస్తే తారు అంచులు కొరుక్కుపోయి, అంచుకూ మట్టికీ మధ్య జానెడు లోతు తేడా పడేది. లోడుతో ఉన్న లారీ చక్రం అక్కడ దిగితే బండి తిరగబడే ప్రమాదం. అందుకే తెలివైన డ్రైవర్ నడిరోడ్డు మీదే నడిపేవాడు. ఎదురుగా ఇంకో బండి వస్తే ఇద్దరూ వేగం తగ్గించి, ఎడమ చక్రాలు మట్టిలోకి దించి, దాటుకుని మళ్ళీ తారు మధ్యకు వచ్చేవాళ్ళు. పెద్ద రోడ్లు 7 మీటర్ల వెడల్పుతో రెండు లేన్లు అయ్యాక కూడా అంచుల పరిస్థితి చాలాచోట్ల అంతే.

అలాంటి రోడ్డు మీద వెనకవాడు ముందుకు పోవాలంటే ముందువాడు సైడ్ ఇవ్వాలి. అందుకే లారీల వెనక హారన్ కొట్టమని అంత పెద్ద అక్షరాలు. ముందున్న డ్రైవర్ ఎదుటి రోడ్డు చూసి, ఖాళీ అనిపిస్తే కుడి చెయ్యి బయటికి చాపి ముందుకూ వెనక్కూ ఊపేవాడు. అది నోటి మాటగా వచ్చిన ఆచారం మాత్రమే కాదు, మోటారు వాహనాల నిబంధనల్లో రాసి ఉన్న సంజ్ఞ. ఎడమ పక్క చూసే పని క్లీనర్‌ది. ఇందులో గొప్ప సహకారం ఉండేది. లారీ వెనక కూర్చున్నవాడికి రోడ్డు కనపడదు కాబట్టి తన కళ్ళు వాడికి అరువిచ్చినట్టే. కానీ దాంతోపాటు ఒక లెక్క కూడా స్థిరపడిపోయింది: రోడ్డు ముందున్నవాడిది, వెనకవాడు అడగాలి, అడిగితే ముందువాడు వీలు చూసుకుని ఇస్తాడు.

1999 జనవరిలో ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి హైవేలకు వాజపేయి శంకుస్థాపన చేశారు. మొత్తం 5,846 కిలోమీటర్లు. ముంబై, చెన్నైల మధ్య భుజం బెంగళూరు మీదుగానే పోతుంది. ఉత్తర దక్షిణ కారిడార్‌లో భాగంగా కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే పాత ఏడో నంబర్ హైవే, ఇప్పటి 44, కూడా నాలుగు లేన్లయింది. మధ్యలో డివైడర్ వచ్చాక ఎదురు బండి భయం పోయింది. ఓవర్‌టేక్ చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కుడి లేన్ ఉన్నదే అందుకు. ఎడమ లేన్‌లో ఉండాలి, దాటాలంటే కుడికి రావాలి, దాటాక ఎడమకు తిరిగి పోవాలి. రోడ్డు వాడకంలో ఇంత పెద్ద మార్పు వచ్చినప్పుడు దాన్ని ఎవరు నేర్పారు? లైసెన్స్ పరీక్ష మైదానంలో ఎనిమిది ఆకారం తిప్పించడం దగ్గరే ఉండిపోయింది. రోడ్డు మీద లక్షల కోట్లు పెట్టిన దేశం, దాన్ని వాడటం నేర్పడానికి అందులో పిసరంత కూడా పెట్టలేదనిపిస్తుంది నాకు. ఈ కథలో నాకు కోపం వచ్చే చోటు ఇదే.

నేర్చుకున్నవాడికి కూడా ఎడమ లేన్ దక్కలేదు. రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్, దాబా ముందు సగం లేన్‌లోకి ఆపిన లారీ, ఊరి మొగలో బస్సు కోసం నిలబడ్డ జనం, ఆటోలు, లైట్లు లేని సైకిళ్ళు, అన్నీ ఎడమ వైపే. బరువు బండ్లు ఎక్కువగా నడిచే లేన్ కాబట్టి గుంతలు పడేదీ చక్రాల గాడులు తేలేదీ కూడా అక్కడే. లోడు లారీని ఒకసారి ఆపితే మళ్ళీ వేగం అందుకోవడానికి ఎంత డీజిల్ తాగుతుందో డ్రైవర్‌కు తెలుసు. అలా కుడి లేన్ అతనికి నిశ్చింతైన లేన్ అయిపోయింది.

దీనికి 2015లో ఇంకో ముడి పడింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్త రవాణా వాహనాలకు స్పీడ్ గవర్నర్లు, అంటే వేగం ఒక హద్దు దాటకుండా ఆపే పరికరాలు, తప్పనిసరి చేశారు, చాలావాటికి పరిమితి 80. భద్రతకు అది అవసరమే. కానీ లెక్క చూడండి. 75 మీద పోయే లారీని 80 మీద పోయే లారీ దాటాలంటే, బండ్ల పొడవులు, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపి 60 మీటర్లు ఎక్కువ నడవాలి. తేడా గంటకు 5 కిలోమీటర్లే. 43 సెకన్లు పడుతుంది, ఈలోగా దాదాపు కిలోమీటరు రోడ్డు గడిచిపోతుంది. చిక్కబళ్ళాపుర దాటాక ఎత్తు ఎక్కే చోట ఇంకా ఎక్కువ. రెండే లేన్లున్న రోడ్డు అంతసేపూ మూసుకుపోయినట్టే.

మధ్య లేన్ సమస్య మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో మొదటి మోటార్‌వే, ప్రెస్టన్ బైపాస్, 1958 డిసెంబరులో తెరిచారు. మరుసటి ఏడాది వచ్చిన ఎం1లో చాలా భాగం ఒక్కో వైపు మూడు లేన్లు. అక్కడ ఊరి జనం, ట్రాక్టర్లు మోటార్‌వే మీదికి రారు. అయినా ఎడమ లేన్‌లో లారీలున్నాయని, మాటిమాటికీ లేన్ మారడం ఎందుకని మధ్యలోనే ఉండిపోయేవాళ్ళు తయారయ్యారు. పెద్ద లారీలు కుడి చివరి లేన్‌లోకి రాకూడదన్నది అక్కడి నిబంధన. కాబట్టి మధ్యలో ఒక కారు మెల్లగా పోతే దాని వెనక లారీకి చట్టప్రకారం దారే లేదు. మూడో లేన్ వాడుకోగలిగేది కార్ల లాంటి చిన్న బండ్లే. చివరికి 2013 ఆగస్టులో పోలీసులు అక్కడికక్కడే 100 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద తప్పుల లెక్కగా 3 పాయింట్లు వేసే ఏర్పాటు తెచ్చారు.

మన దగ్గర చట్టం ఎప్పుడూ ఎడమకు ఉండమనే చెప్పింది. 1989 నిబంధనల్లో ఉంది, 2017 జూన్‌లో వాటి స్థానంలో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనూ ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 177ఏ సెక్షన్ కింద ఇలాంటి ఉల్లంఘనకు 500 నుంచి 1,000 రూపాయల జరిమానా. వేగం కొలవడానికి కెమెరా ఉంటుంది. ఎడమ ఖాళీగా ఉన్నా మధ్యలో పోతున్నాడని తేల్చాలంటే కొంత దూరం వెంట ఉండి చూసేవాళ్ళు కావాలి. హైదరాబాద్ ఔటర్ మీద లేన్లను కుడి నుంచి లెక్కపెట్టి, రెండేసి లేన్లకు ఒక్కో వేగం పెట్టడం ఇంతకంటే స్పష్టమైన పద్ధతి. ఎవరు ఎక్కడ ఉండాలో కొత్త డ్రైవర్‌కూ అర్థమవుతుంది.

బెంగళూరు నుంచి చూస్తే అసలు మలుపు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే. 118 కిలోమీటర్లు, మధ్యలో ఆరు లేన్లు, పక్కన సర్వీస్ రోడ్లు. 2023 మార్చి 12న ప్రారంభమైంది. బిడది, రామనగర, మండ్య లాంటి ఊళ్ళను బైపాస్‌లు తప్పించాయి. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు ప్రధాన రోడ్డు మీదికి రాకుండా ఆపేశారు. బైకు మీద తిరిగే జనం సర్వీస్ రోడ్డుకు పరిమితమయ్యారు, వాళ్ళ ఇబ్బంది చిన్నది కాదు. వాళ్ళు అంత వదులుకున్నాక కూడా అక్కడ ఎడమ లేన్ ఖాళీగా పెట్టి మధ్యలో పోతున్న కారుకు పాత రోడ్డు చరిత్ర సాకు కాదు.

ఇప్పుడు చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వంతు. హొసకోటె నుంచి చిత్తూరు జిల్లా మీదుగా శ్రీపెరుంబుదూరు దాకా దాదాపు 260 కిలోమీటర్లు, పలమనేరు, చిత్తూరు వాళ్ళకు ఇంటి దారి. 120 వేగానికి తగ్గట్టు వేసిన రోడ్డు, కానీ ఒక్కో వైపు రెండే లేన్లు. అక్కడ 80 దాటని లారీ కుడి లేన్‌లో స్థిరపడితే మూడో దారి లేదు. లారీలు దాటడం అయిపోగానే ఎడమకు తిరగాలన్న నియమాన్ని పూర్తి రోడ్డు తెరిచిన మొదటి వారం నుంచే గస్తీ పెట్టి అమలు చెయ్యాలి. ఎడమ అంచున ఆగే బండ్లకు వేరే చోటు కూడా ఆ వారానికే సిద్ధంగా ఉండాలి.