ఆక్సీమీటర్‌లో 98, కొండెక్కితే ఆయాసం

పర్లాకిమిడిలో డిగ్రీ చదివే ఒకమ్మాయి అడిగింది: "మాస్టారూ, మహేంద్రగిరి ఎక్కుతుంటే అందరికంటే నేనే ఎక్కువ రొప్పాను. వేలికి ఆక్సీమీటర్ పెడితే 98. మరి ఊపిరి ఎందుకు చాలలేదు?" ఇంట్లో దిష్టి తీశారట.

ఆ కొండ దాదాపు 1,500 మీటర్లు. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే ఆరో వంతు తక్కువే, కానీ పక్కన నడిచినవాళ్లకూ అదే గాలి. నా ధ్యాసంతా ఆ 98 మీదే.

ఆక్సీమీటర్ శాతం చెబుతుంది, మొత్తం చెప్పదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే బస్సుల్లో నూటికి 98 సీట్లు నిండాయనుకోండి. రేపు బస్సులు సగానికి తగ్గినా ఆ లెక్క 98 గానే ఉంటుంది, దిగే జనం మాత్రం సగమే. మన రక్తంలో ఆ బస్సు హిమోగ్లోబిన్, సీట్లలో కూర్చునేది ఆక్సిజన్. ఒక్కో గ్రాము 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాములుంటే 18 మిల్లీలీటర్లు, 7 గ్రాములే ఉంటే 9. కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం తిప్పుతుంది. అంటే 7 గ్రాములే ఉన్నా 450 మిల్లీలీటర్ల ఆక్సిజన్. అవసరం 250 కాబట్టి ఏమీ తెలియదు. ఎక్కేటప్పుడు అవసరం ఐదారు రెట్లవుతుంది. ఉన్న బస్సులే ట్రిప్పులు పెంచాలి, గుండె దడదడలాడుతుంది. దానికీ హద్దుంది, నిమిషానికి సుమారుగా 220 లోంచి వయసు తీసేస్తే వచ్చినన్ని సార్లు. ఆక్సిజన్ చాలని కండరం లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. రక్తంలోని బైకార్బొనేట్ దాన్ని విరిచేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాన్ని బయటికి తోయడానికే ఆ రొప్పు! ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేకపోయినా వస్తుంది. బడిలో శ్వాస ఒక పాఠం, రక్తం ఇంకో పాఠంగా చెప్పేస్తాం. ఈ గొలుసు పిల్లలకు అందదు, నాకదే బాధ.

ఇనుము లోపం, కొంకిపురుగులు, మలేరియా, వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ జబ్బు, ఈ దక్షిణ ఒడిశా జిల్లాల్లో రక్తం తగ్గడానికి కారణాలకు కొదవలేదు. అందుకే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోమ్మా. గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతే.

అది బాగుంటే ఆయాసం వచ్చే వేళ గమనించాలి. పరుగు ఆపాక 5 నుంచి 15 నిమిషాల్లో ముదిరి, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తే శ్వాసనాళాలు బిగుసుకుంటున్నాయని అనుమానించాలి. పరుగుకు ముందు, తర్వాత ఊదే గాలిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేసి, మొదటి సెకనులో ఊదే గాలి 10 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గిందా అని చూస్తారు. పరుగు జోరులో ఉండగానే, గాలి పీల్చేటప్పుడు గొంతులో శబ్దం వచ్చి ఆపిన కాసేపటికే తగ్గిపోతే, స్వరపేటిక దగ్గర దారి ఇరుకవుతోందేమో చూడాలి. ఇవేవీ కాకపోతే ఊపిరిని కొలిచే మాస్కు ముఖానికి కట్టి సైకిల్ తొక్కిస్తారు. ముందు హద్దు తాకింది గుండెనా, ఊపిరితిత్తులా అన్నది అందులో తేలుతుంది.

శ్రమలో ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఈ వరసంతా పక్కనపెట్టి వెంటనే ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించుకోవాలి.