కార్బన్ మోనాక్సైడ్ చెప్పే హైడ్రోజన్ జాడ

నక్షత్రాలు పుట్టేది చల్లని హైడ్రోజన్ అణువుల మేఘాల్లోనే అయినా, ఆ హైడ్రోజన్ మన రేడియో టెలిస్కోపులకు చిక్కదు. రెండు ఒకేలాంటి పరమాణువుల జంట కావడంతో దానిలో విద్యుదావేశం రెండు వైపులా సమంగా ఉంటుంది, కాబట్టి అది తిరిగినా తరంగాలు తేలిగ్గా వెలువడవు. పైగా పరమశూన్యం (దాదాపు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) కంటే పది ఇరవై డిగ్రీలు మాత్రమే ఎక్కువుండే ఆ చలిలో దాన్ని తిప్పి తరంగాలు వెలువరింపజేసేంత శక్తి దొరకదు. అందుకే శాస్త్రవేత్తలు దాని పక్కనే ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను వెతుకుతారు. రాబర్ట్ విల్సన్, కీత్ జెఫర్ట్స్, ఆర్నో పెంజియాస్ 1970లో ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘంలో కనిపెట్టిన ఈ వాయువు కొద్దిపాటి వేడికే గిరగిరా తిరిగి, 2.6 మిల్లీమీటర్ల తరంగాలను వెలువరిస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణం తీసేదీ ఈ వాయువుతోనే.

నక్షత్రాలు తక్కువగా ఉండే చిన్న గెలాక్సీల్లో, అంటే మరుగుజ్జు గెలాక్సీల్లో, ఈ సాక్షి సరిగా పలకదు. కార్బన్, ఆక్సిజన్ రెండూ నక్షత్రాల గర్భంలో తయారై బయటపడవలసినవి కాబట్టి అక్కడ అవి కొరత. దుమ్ము కూడా పలచన. దుమ్ము చాటు లేనిచోట కొత్త నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు కార్బన్ మోనాక్సైడ్‌ను విడగొట్టేస్తాయి. హైడ్రోజన్‌కు ఆ భయం తక్కువ, ఎందుకంటే పై పొరల్లోని అణువులే ఆ కిరణాలను పీల్చుకుని లోపలివాటిని కాపాడతాయి. చివరికి గుమ్మడికాయంత హైడ్రోజన్ మేఘంలో గింజలంత మేరకే కార్బన్ మోనాక్సైడ్ మిగులుతుంది.

ఈ గింజలు కంటపడింది తిమింగలం నక్షత్రమండలం దిశగా, సుమారు 30 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న డబ్ల్యూఎల్ఎం గెలాక్సీలో. వుల్ఫ్, లుండ్‌మార్క్, మెలోట్ అనే ముగ్గురి పేర్ల తొలి అక్షరాలే దాని పేరు. హీలియం కంటే బరువైన మూలకాలు అక్కడ సూర్యుడిలో ఉన్న పాళ్లలో 13 శాతమే. అయినా ఖగోళ శాస్త్రవేత్తలు బ్రూస్ ఎల్మెగ్రీన్, మోనికా రూబియో తదితరులు చిలీలో 5,000 మీటర్ల ఎత్తునున్న పీఠభూమి మీది 12 మీటర్ల ఏపెక్స్ టెలిస్కోపుతో రెండు చోట్ల కార్బన్ మోనాక్సైడ్ సంకేతాన్ని పట్టి, 2013లో ప్రకటించారు. అంతకు ముందు ఇంత నిరుపేద గెలాక్సీలో అది దొరకలేదు. ఏపెక్స్ చూపుకు విడివిడిగా తేలని ఆ సంకేతం, అదే పీఠభూమి మీది అల్మా యాంటెనాల సమూహానికి పది చిన్న మేఘాలుగా కనిపించింది. 2015లో వెలువడిన ఆ కొలతల్లో వాటి సగటు వ్యాసార్ధం ఆరేడు కాంతి సంవత్సరాలు మాత్రమే.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది వాటి చిన్నతనం కాదు. పరిమాణంలో ఎంత చిన్నవైనా, సాంద్రతలోనూ పీడనంలోనూ అవి మన పాలపుంతలోని మేఘాలకు తీసిపోలేదు. చిక్కంతా లెక్కలోనే ఉంది: కార్బన్ మోనాక్సైడ్ వెలుగును హైడ్రోజన్ బరువుగా మార్చడానికి పాలపుంతకు వాడే గుణకాన్నే ఇక్కడా వాడితే, ఉన్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం లెక్కకే రాదు. ఎల్మెగ్రీన్ బృందం దుమ్ము వెలువరించే వెలుగును బట్టి మొత్తం వాయువును విడిగా అంచనా వేసి, అందులోంచి అణువులుగా జంట కట్టని హైడ్రోజన్ పరమాణువుల వంతు తీసేసి చూడగా, ఆ రెండు చోట్లలో ఒకదానిలో గుణకం పదుల రెట్లు పెద్దదిగా తేలింది.